లలితకుమారి టీచరు, ఎర్రపురుగు, రేకుల గది

లలితకుమారికి మొదటి ఉద్యోగం నలభై ఆరో ఏట దొరికింది. అదీ వెతుక్కుంటే దొరికింది కాదు. పక్కింటి పిల్లాడు మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి అత్వెల్లి రోడ్డు పక్కనున్న చిన్న బడికి వెళ్ళింది. మేడ మీద రేకుల గదిలో యూకేజీ పిల్లలు ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటున్నారు. వాళ్ళ టీచరు పెళ్ళి కుదిరి మానేసిందట. ఆయా కమలాబాయి చంకలో ఒకర్ని, చేతిలో ఒకర్ని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్క నిమిషం చూస్తవా అమ్మా, గీ పోరన్ని బాత్రూముకు తోలుకపోయొస్త" అంది కమలాబాయి.

ఆ ఒక్క నిమిషం గంటన్నర అయింది. బడి నడిపే నరసింహ మెట్లెక్కి వచ్చేసరికి పిల్లలంతా నేల మీద బోర్లా పడుకుని, బండల మీద బుగ్గలు ఆనించి ఉన్నారు. మధ్యలో ఓ తెలియని ఆవిడ కూడా చెంప నేలకి ఆనించి, "ఇప్పుడు చెప్పండి, బుగ్గ చల్లగా ఉందా, బండ చల్లగా ఉందా?" అని అడుగుతోంది.

నరసింహకి నవ్వాలో, ఎవరని అడగాలో తెలియలేదు. చివరికి, "మేడం, రేపు గూడ వస్తరా?" అన్నాడు.

లలితకుమారిది కాకినాడ దగ్గర పిఠాపురం. బీఎస్సీ చదివింది. కాలేజీలో అందరూ ల్యాబు అంటే విసుక్కుంటే, ఆవిడ మాత్రం గాజుగొట్టాల్లో రంగునీళ్ళు ఎక్కడం చూస్తూ బస్సు పోగొట్టుకునేది. చివరి సంవత్సరంలో పెళ్ళయింది. భర్త యజ్ఞనారాయణకి జీడిమెట్లలో ఓ మందుల కంపెనీలో అకౌంట్సు ఉద్యోగం. యాప్రాల్లో అద్దె ఇళ్ళు మారి మారి, ఈమధ్యే మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. కూతురు హర్షిత వరంగల్లో ఇంజనీరింగు చదువుతోంది. కుక్కరు మూత మీద ఆవిరి ఎందుకు బొట్లు కడుతుందో చెప్పబోతే, ఆ పిల్ల ఆరో తరగతి నుంచే "అమ్మా, మళ్ళీ మొదలెట్టావా?" అని పారిపోయేది. ఇన్నేళ్ళకి వినేవాళ్ళు దొరికారు. ఐదేళ్ళవాళ్ళు. పారిపోదామన్నా మెట్ల దగ్గర గేటు వేసి ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెబితే యజ్ఞనారాయణ పెరుగు కలుపుకుంటూ, "ఈ ఎండల్లో ఆ రేకుల కింద ఎందుకు లలితా నీకు?" అన్నాడు. వద్దనలేదు. ఆయన ఏదీ గట్టిగా వద్దనడు, ఏదీ గట్టిగా కావాలనడు.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పుస్తకంలో పాఠం వేడి, చల్లదనం. ఒక వైపు పొగలు కక్కే టీ కప్పు బొమ్మ, ఇంకో వైపు ఐస్‌క్రీం బొమ్మ. పిల్లలు ఆ రెండు బొమ్మల మీదా వేలు పెట్టి 'హాట్', 'కోల్డ్' అని పాడేస్తున్నారు. లలితకుమారికి అది నచ్చలేదు. పుస్తకం మూసి, "చల్లగా ఉండేవి ఏవో మీరే చెప్పండి" అంది.

"సల్ల!" అని గది దద్దరిల్లేలా అరిచారు.

"అవును, చల్లగా. ఏవేవి చల్లగా ఉంటాయి?"

"సల్ల టీచర్! మా అవ్వ సల్ల చేస్తది!" అంది ముందు వరసలో లిఖిత. రెండు పిలకలు, ముందు పన్ను ఊడిన నోరు. ఆ పిల్ల మాట్లాడితే గదిలో మిగతావాళ్ళు సగం మంది అదే మాట మళ్ళీ అంటారు.

గుమ్మంలో కూర్చున్న కమలాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "టీచరమ్మా, సల్ల అంటె మజ్జిగ. పోరలు సక్కగనే చెప్తున్నరు."

లలితకుమారి కూడా ఫక్కున నవ్వింది. పిఠాపురంలో వాళ్ళ అమ్మమ్మ మజ్జిగని చల్ల అనే పిలిచేది. మరుసటి రోజు లిఖిత వాళ్ళ అవ్వ చిన్న చెంబుడు సల్ల పంపింది. పిల్లలందరూ చెంబుని తాకి చూశారు. అందరూ తాకి చూసేసరికి అది చల్లగా లేకుండా పోయింది. "ఎందుకు వేడెక్కింది?" అని టీచరు అడిగితే, "మన చేతులల్ల ఉన్న ఉడుకు దాంట్లకు పోయింది" అన్నాడు వెనక నుంచి భానుతేజ. వాడు అప్పటిదాకా బడిలో నోరు విప్పి ఎరగడు. ల్యాబులో లలితకుమారికి లెక్చరర్ రెండు క్లాసుల్లో చెప్పిన సంగతి అది!

ఇక ఆవిడ్ని పట్టేవాళ్ళు లేరు. సికింద్రాబాదు వెళ్ళి గోడకి తగిలించే పెద్ద థర్మామీటరు కొనుక్కొచ్చింది. గాజుగొట్టంలో ఎర్రటి ద్రవం. పిల్లలకి అంకెలు ఇంకా సరిగా రావు కాబట్టి గొట్టం పక్కన రంగు కాగితాలు అతికించింది. అడుగున నీలం, దాని మీద ఆకుపచ్చ, ఆపైన పసుపు, అన్నిటికన్నా పైన ఎరుపు. గోడకి తగిలించి, "దీన్ని చూస్తూ ఉండండి" అంది. ఇంకేమీ చెప్పలేదు.

పొద్దున బడి గంట కొట్టినప్పుడు ఎర్రగీత ఆకుపచ్చలో ఉంది. పాటలయ్యాయి, అక్షరాలయ్యాయి. ఉన్నట్టుండి సుజిత్ అనే పిల్లాడు బెంచీ ఎక్కి కేక పెట్టాడు.

"టీచర్! ఎర్రపురుగు పైకెక్కుతాంది!"

అందరూ గోడ మీద పడ్డారు. నిజంగానే పురుగు పసుపులోకి పాకింది.

"ఎవలు ఎక్కిస్తున్నరు టీచర్?"

"మీరే కనుక్కోండి. ఎవరు?"

కరెంటు అన్నారు. బల్లి అన్నారు. కమలాబాయి ఎక్కిస్తోందని ఒకడన్నాడు. కమలాబాయి, "నాకు గదే పనా?" అని కసిరింది గానీ, ఆవిడ కూడా లేచొచ్చి గొట్టంలోకి తొంగిచూసింది. చివరికి లిఖిత తల పైకెత్తి రేకుల వైపు చూసి, "పైనున్న ఎండ" అంది.

ఆ మాట మీద వారం రోజులు నడిచింది చదువు. థర్మామీటరు పట్టుకుని అందరూ రైలులా ఒకరి భుజం ఒకరు పట్టుకుని తిరిగారు. కానుగచెట్టు నీడలో పెడితే పురుగు దిగింది. రేకుల గదిలో ఎక్కింది. నీళ్ళకుండ వెనక్కి పెడితే ఇంకా దిగింది. ఎండలో పెడదామని అందరూ గోల చేస్తే టీచరు ఒప్పుకుంది గానీ, "ఎండలో పెడితే అది గాలి ఎంత వేడిగా ఉందో చెప్పదు. తన ఒంటికి తగిలిన ఎండ సంగతే చెబుతుంది. గాలి సంగతి కావాలంటే నీడలోనే అడగాలి" అంది. పిల్లలు మహా శ్రద్ధగా తలలూపారు. ఇంటికి వెళ్ళి, "పురుగును ఎండల అడగొద్దు, నీడల అడగాలె" అని పెద్దవాళ్ళకి బోధించారు. పురుగేమిటో తెలియక తల్లులు బడికి వచ్చి అడిగి వెళ్ళారు.

ఏప్రిల్ వచ్చేసరికి పదకొండు గంటలకే పురుగు ఎరుపు దాటుతోంది. పిల్లల మెడల మీద చెమటకాయలు. మధ్యాహ్నం బడి వదిలే వేళకి సగం మంది బల్లల మీద వాలిపోతున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ, రేకుల కింది వేడిగాలినే తెచ్చి మొహాన కొడుతోంది.

ఒకరోజు టీచరు ఇంటి నుంచి ఒకే రకం స్టీలు గిన్నెలు రెండు తెచ్చింది. రెండింట్లో నీళ్ళు పోసి, ఒకదానికి నల్లగుడ్డ, ఇంకోదానికి తెల్లగుడ్డ చుట్టి మేడ మీద ఎండలో పెట్టింది. పిల్లలు చిరుతిండి తినే వేళ అవనీ అంది. ఆరోజు ఎవరూ తిండి మీద ధ్యాస పెట్టలేదు. అయిందా, అయిందా అని ప్రాణం తీశారు. అప్పుడు వరసగా వచ్చి రెండు గిన్నెల్లో రెండు వేళ్ళు ముంచారు.

"నల్లది ఉడుకు!"

"తెల్లది జెరంతనే ఉడుకు!"

"మళ్ల ముంచుత టీచర్! మళ్లొక్కపారి!"

అందరూ ముంచారు, మళ్ళీ ముంచారు, నీళ్ళు ఒలకబోశారు. నల్లరంగు ఎండని తాగేస్తుందని, తెలుపు చాలావరకు వెనక్కి తోసేస్తుందని టీచరు చెప్పింది. లిఖిత వినడం లేదు. మేడ మీద ఓ మూలకి వెళ్ళి రేకుల గదిని చూస్తోంది. ఏళ్ళ తరబడి వానకి నాని, పాచిపట్టి, ఆ పాచి ఎండి సిమెంటు రేకులు బొగ్గులా నల్లబడ్డాయి.

"టీచర్," అంది ఆ పిల్ల, "మరి మన బడి నెత్తికి నల్ల గుడ్డ ఎందుకు కట్టిన్రు?"

లలితకుమారి కూడా రేకుల వైపు తిరిగి చూసింది. రోజూ ఆ రేకుల కిందే నిలబడి చెమటలు కక్కుతూ పాఠం చెబుతోంది. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. పరుగున మెట్లు దిగి నరసింహ గదిలోకి వెళ్ళింది.

"సర్, మీరు ఒక్కసారి పైకి రావాలి. ఇప్పుడే."

"ఏమైంది మేడం? ఎవరన్న పడ్డరా?" అంటూ నరసింహ కుర్చీలోంచి లేచాడు.

ఆయన పైకి రాగానే పిల్లలు చెరో చెయ్యి లాక్కెళ్ళి చెరో గిన్నెలో ముంచారు. నరసింహ అత్వెల్లిలో పుట్టి పెరిగినవాడు. పొలం పనీ ఎరుగును, ఎండా ఎరుగును. అయినా కనుబొమలు పైకెగిరాయి. "అరే! గిది మస్తుందే!" అని తనంతట తాను ఇంకోసారి ముంచాడు. రేకులకి తెల్లసున్నం కొట్టిద్దామని టీచరు అనగానే మాత్రం వెనక్కి తగ్గాడు. "సెలవులల్ల చూద్దాం మేడం. ఇగ పది పదిహేను దినాలల్ల బడి బందైతది గద."

"సార్ సార్, ఇయ్యాలనే" అన్నారు పిల్లలు. ఇద్దరు ఆయన ప్యాంటు పట్టుకున్నారు. చెయ్యి విడిపించుకోబోతే రెండో కాలు ఇంకొకరు పట్టుకున్నారు. నరసింహ నవ్వుతూనే లొంగిపోయాడు.

లిఖిత వాళ్ళ తాత సిద్దిరాములు ఇళ్ళకి సున్నం వేసే మనిషి. ఆదివారం వచ్చాడు. రేకుల మీద కాలు పెడితే విరుగుతాయని పొడుగాటి పలక వేసి, దాని మీద కూర్చుని, సాయంత్రానికల్లా కప్పంతా తెల్లగా చేసేశాడు. "నా సున్నం యాడికి పోదు టీచరమ్మా. పదేండ్ల కింద కొట్టిన గోడలు ఇయ్యాల్టికి తెల్లగున్నయి" అని కిందికి దిగాడు. పక్కనున్న సామాను గదికి మాత్రం వెయ్యొద్దని లలితకుమారి పట్టుబట్టింది. ఎందుకంటే, "రెండూ తెల్లబడితే తేడా ఎలా తెలుస్తుంది?" అంది. సిద్దిరాములుకి అదేం లెక్కో అర్థం కాలేదు. సగం పని చేసి పోయినట్టుందని గొణుక్కున్నాడు.

సోమవారం పొద్దున్నుంచీ పిల్లలు పురుగు ముందే కూర్చున్నారు. పది దాటింది. పురుగు పసుపులోనే ఉంది. పదకొండయింది. ఇంకా పసుపే! కేకలు మొదలయ్యాయి. లలితకుమారి కూడా ఆగలేకపోయింది. సామాను గదిలో చూసొద్దామని థర్మామీటరు చేతిలోకి తీసుకుంది.

అప్పుడే వెలుగు తగ్గింది. కిటికీలోంచి చూస్తే షామీర్‌పేట వైపు ఆకాశం సీసంలా ఉంది. గాలి ఒక్క ఊపు ఊపి రోడ్డు మీది ప్లాస్టిక్ సంచులన్నీ పైకి లేపింది. రేకుల మీద టక్కున ఏదో పడింది. మళ్ళీ టక్కు. ఇంకోటి.

"అందరూ కిందికి! రైలు కట్టండి!" అంది టీచరు.

కమలాబాయి ముందు, టీచరు వెనక, మధ్యలో పిల్లల రైలు. మెట్లు దిగి కింది వరండాలోకి వచ్చేలోపే పైన చప్పుడు చెవులు చిల్లులు పడేలా మారింది. భానుతేజ ఏడుపు లంకించుకున్నాడు. వాడ్ని చూసి ఇంకో నలుగురు. అంతలో వరండా ముందు గచ్చు మీద తెల్లటి ఉండలు ఎగిరెగిరి పడటం కనిపించింది.

"రాళ్లవాన!" అరిచాడు సుజిత్. "రాళ్లవాన పడుతాంది!"

ఏడుపులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

సముద్రం పక్కన పుట్టిన లలితకుమారికి తుఫాన్లు తెలుసు. తలుపులు బిగించుకుని దీపం పెట్టుకుని కూర్చున్న రాత్రులు తెలుసు. వడగళ్ళని మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ చేత్తో పట్టుకోలేదు. దొర్లుకుంటూ కాళ్ళ దగ్గరికి వచ్చిన ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. నిమ్మకాయంత ఉంది. లోపల పొరలు పొరలుగా తెల్లని వలయాలు. "చూడండర్రా, చూడండి! ఈ వేసవిలో, ఇంత ఎండలో, పైన మంచు ఉందర్రా!" అని చిన్నపిల్లలా గెంతింది. పిల్లలు టీచరు గెంతడం చూసి తామూ గెంతారు.

కమలాబాయి నెత్తిన అన్నం గిన్నె బోర్లించుకుని, గచ్చు మీదికి ఉరికి పళ్ళెంనిండా వడగళ్ళు ఏరుకొచ్చింది. "జల్దీ పట్టున్రి, కరిగిపోతయి!"

థర్మామీటరు ఇంకా టీచరు చేతిలోనే ఉంది. ముందుగా అనుకున్నది కాదు. అడుగునున్న బుడ్డిని పళ్ళెంలో వడగళ్ళ మధ్య గుచ్చింది. పిల్లలంతా గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. పురుగు పసుపులోంచి ఆకుపచ్చలోకి జారింది. ఆకుపచ్చలోంచి నీలంలోకి. నీలం కూడా దాటి అడుక్కి దిగి అక్కడ ఆగింది.

"సచ్చిపోయిందా టీచర్?" అడిగింది లిఖిత మెల్లగా.

"లేదు. చలికి కిందికి పోయి ముడుచుకు కూర్చుంది. లేపుదామా?"

బుడ్డిని బయటికి తీసి లిఖిత రెండు చేతుల మధ్య పెట్టింది. లిఖిత చేతుల మీద భానుతేజ చేతులు, వాటి మీద సుజిత్ చేతులు, ఆ పైన ఇంకెవరెవరివో. కాసేపు ఏమీ లేదు. తర్వాత పురుగు కదిలింది. వెంట్రుకంత. ఆపైన ఇంకొంచెం.

"లేసింది! లేసింది!"

ఆ అరుపులకి నరసింహ, పై తరగతుల పిల్లలు, గేటు బయట తలదాచుకున్న ఇద్దరు బండివాళ్ళు అందరూ వచ్చేశారు. అందరికీ మళ్ళీ మొదటి నుంచి చేసి చూపించాల్సి వచ్చింది. మూడోసారి చేస్తుండగా కమలాబాయి లలితకుమారి భుజం తట్టి పైకి చూపించింది.

రేకుల అంచు నుంచి కారుతున్న వాన నీళ్ళు తెల్లగా ఉన్నాయి. ధారలుగా, చిక్కగా, గచ్చంతా తెల్లగా పారుతున్నాయి.

"పాలవాన!" అన్నారు పిల్లలు చప్పట్లు కొడుతూ.

సిద్దిరాములు కొట్టిన సున్నమంతా కాలవలోకి పోతోంది. లలితకుమారి చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. పిల్లల ముందు నవ్వుతూనే నిలబడింది.

సాయంత్రం యజ్ఞనారాయణ జీడిమెట్ల నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. తువ్వాలు అందిస్తూనే మొదలెట్టింది లలితకుమారి. వడగళ్ళు, పళ్ళెం, పురుగు నిద్రపోవడం, చేతులన్నీ కలిపి లేపడం. చేతులు తిప్పుతూ, నవ్వుతూ చెబుతోంది. పాలవాన దగ్గరికి వచ్చేసరికి చేతులు తిప్పడం ఆపేసింది.

"అంతా పోయిందండీ. ఆ ముసలాయన ఎండలో కూర్చుని రోజంతా కొట్టాడు."

యజ్ఞనారాయణ తల తుడుచుకోవడం ఆపాడు. "మా గోడౌను కప్పు కూడా తెల్లగానే ఉంటుంది లలితా. అదేమీ వానకి పోవట్లేదే! వాళ్ళేం వేస్తారో రేపు మెయింటెనెన్సు వాళ్ళని అడుగుతానుండు."

ఆవిడ ఆయన్ని వింతగా చూసింది. ఈ మనిషి లెక్కలు తప్ప కప్పులు కూడా చూస్తాడా!

మరుసటి సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి అప్పజెప్పేశాడు. "ముందు రేకులు గట్టిగా తోమి కడగాలిట. పాచి మీద ఏదీ నిలవదుట. సున్నంలో జిగురు కలపాలి. పల్చగా ఒక పూత, అది బాగా ఆరాక ఇంకో పూత. ఆరేలోపు వాన పడకూడదు. జిగురు నేను తెస్తాను. పధ్నాలుగో తారీకు సెలవే కదా, నేనూ వస్తాను."

"మీరా?"

"ఏం, నేను రాకూడదా?"

అంబేద్కర్ జయంతి నాడు బడిలో జరిగింది చూడాల్సిన సందడి. నరసింహ పైపు పట్టుకున్నాడు. సిద్దిరాములు మొదట ముఖం ముడుచుకునే వచ్చాడు. "గోడ మీదికెళ్లి నీళ్లు జారిపోతయి, కప్పు మీద నిలుస్తయి. గీ సంగతి నాకు తట్టలే" అని పాచిని పొరకతో కసిదీరా తోమాడు. కమలాబాయి బకెట్లు అందిస్తోంది. ఎన్నడూ ఇస్త్రీ చొక్కా నలగనివ్వని యజ్ఞనారాయణ నెత్తికి తువ్వాలు చుట్టి, డ్రమ్ములో సున్నం, జిగురు పోసి పొడుగాటి కర్రతో తిప్పుతున్నాడు. పిల్లల్ని రావద్దన్నారు. అందరూ వచ్చారు. కానుగచెట్టు నీడలో నిలబెడితే అక్కడి నుంచే హుకుంలు జారీ చేశారు.

"తాతా, గాడ మిగిలింది! గా మూలకు!"

"టీచర్, మీ సారు మూతి గూడ తెల్లగైంది! ఇగ ఆయనకు ఎండ తాకది!"

యజ్ఞనారాయణ మూతి తుడుచుకోబోయి బుగ్గంతా పులుముకున్నాడు. అంత గట్టిగా ఆయన నవ్వడం లలితకుమారి ఎప్పుడు చూసిందో ఆవిడకే గుర్తు లేదు.

రెండో పూత ఆరేదాకా అందరి చూపూ ఆకాశం మీదే. వాన రాలేదు. కానీ మరుసటి రోజు మబ్బు పట్టింది. పురుగు ఆకుపచ్చ దాటలేదు. నరసింహ సంబరంగా, "గెలిచినం మేడం!" అన్నాడు.

"లేదు సర్. ఈరోజు చల్లబరిచింది మబ్బు, మన సున్నం కాదు. ఎండ రానివ్వండి."

పిల్లలకి ఎండ కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. మబ్బుల్ని పొమ్మని మేడ మీద నిలబడి చేతులూపారు. రెండు రోజులకి ఎండ వచ్చింది. రావడమంటే అలా ఇలా కాదు. పది గంటలకే రోడ్డు మీది తారు మెత్తబడింది. తలకి గుడ్డ లేకుండా గేటు దాటేవాళ్ళు లేరు.

పదకొండున్నరకి టీచరు అందర్నీ సామాను గదిలోకి తీసుకెళ్ళింది. సున్నం వెయ్యకుండా మిగిల్చిన గది అదే. తలుపూ కిటికీ తెరిచే ఉంచారు. లోపల అడుగు పెట్టగానే "అబ్బా, ఉడుకు!" అని అందరూ ఒకేసారి అన్నారు. మధ్యలో కుర్చీ మీద నరసింహ థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాడు. పురుగు పసుపు దాటింది. ఎరుపులోకి వచ్చింది. ఎరుపు కూడా దాటి పైకి పాకింది.

"ఇప్పుడు మన గదికి" అంది టీచరు.

పక్కనే ఉన్న యూకేజీ గదిలో అదే ఎత్తులో పట్టుకున్నారు. పురుగు ఒక క్షణం కదల్లేదు. లిఖిత రెండు చేతులూ జోడించింది. తర్వాత అది జారడం మొదలెట్టింది. ఎరుపు దిగింది. పసుపులోకి వచ్చింది. పసుపు సగందాకా వచ్చి ఆగింది.

గదిలో కేకలు మిన్నంటాయి. బెంచీలు ఎక్కారు, దిగారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. నరసింహ థర్మామీటరు కింద పడేస్తానేమోనని భయపడి రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు. దాంతో పురుగు మళ్ళీ ఎక్కింది. "సార్ ఒళ్ళు ఉడుకు!" అని పిల్లలు విరగబడ్డారు. నమ్మకం కుదరక ఆయన మళ్ళీ సామాను గదికి వెళ్ళొచ్చాడు. మళ్ళీ అదే. మూడోసారి ఒక్కడే వెళ్ళొచ్చాడు.

లలితకుమారి ఫోన్ తీసింది. ఆఫీసు వేళల్లో ఆవిడ యజ్ఞనారాయణకి ఎప్పుడూ ఫోన్ చేయదు. "ఏవండీ, దిగింది! పసుపులోకి దిగిందండీ!" అంది. అవతల ఆయన తన గదిలో ఎవరికో గట్టిగా చెప్పడం వినిపించింది, "దిగిందటయ్యా, మా బడి పురుగు దిగిందట!"

బడి వదిలే వేళకి పిల్లలు ఇళ్ళకి పోనంటే పోనన్నారు. గేటు ఎదురుగా గౌరయ్య టీ హోటలు. పైన నల్లటి రేకులు, కింద మండే స్టవ్వు. గొడుగులు పట్టుకుని, టీచరు ముందు నడవగా, పురుగుని అక్కడికి తీసుకెళ్ళారు. స్టవ్వుకి దూరంగా, ఓ మూల బల్ల దగ్గర పట్టుకున్నారు. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు గ్లాసులు కింద పెట్టి చూశారు. పురుగు ఎక్కిన ఎత్తు చూసి గౌరయ్య, "గిందుకేనా నాకు పొద్దుమూకెవరకు తలకాయ తిరిగేది!" అన్నాడు.

"మీ హోటల్ నెత్తికి గూడ తెల్ల గుడ్డ కట్టున్రి మామా" అంది లిఖిత.

"ఎవలు కడ్తరు బిడ్డా?"

"మా తాత!"

సిద్దిరాములుకి ఆ వేసవిలో చేతినిండా పని దొరికింది. గౌరయ్య హోటలు, పక్కన పంక్చరు షాపు, ఆపైన రేకుల ఇళ్ళు. జిగురు ఎంత కలపాలో సందేహం వచ్చినప్పుడల్లా యజ్ఞనారాయణకి ఫోన్ చేసేవాడు. ఆయన బ్యాలెన్సు షీట్లు పక్కన పెట్టి మరీ చెప్పేవాడు. ఆదివారాలు ఇద్దరూ కలిసి కప్పులు చూడటానికి స్కూటరు మీద బయల్దేరేవారు. సెలవులకి వచ్చిన హర్షిత అది చూసి, "అమ్మా, నాన్నకి ఏం చేశావ్?" అంది. రెండో రోజుకి తనే గిన్నెలు, గుడ్డలు పట్టుకుని మేడెక్కి, "నల్లది ఎంత తేడా ఉంటుందో నేను లెక్కేస్తా" అని కూర్చుంది.

రేకుల గదిలో వేడి మొత్తం పోయిందని కాదు. మే నెల మే నెలలాగే ఉంటుంది. కానీ ఆ ఏప్రిల్ ఆఖరి రోజుల్లో యూకేజీ పిల్లలెవరూ బల్లల మీద వాలిపోలేదు. నరసింహ మిగతా గదులకీ వేయించాడు. సామాను గదిని మాత్రం లలితకుమారి అలాగే ఉంచమంది. వచ్చే ఏడాది పిల్లలకి చూపించాలి కదా అంది.

జూన్‌లో బడి తెరిచారు. లిఖిత, భానుతేజ, సుజిత్ ఒకటో తరగతికి వెళ్ళారు. కింది అంతస్తు. మొదటి రోజు పాఠం మధ్యలో ముగ్గురూ తప్పిపోయారు. వెతికితే మేడ మీద కనిపించారు. పడమటి గాలి విసురుగా వీస్తోంది. ముగ్గురూ చేతులు చాచి, చొక్కాలు ఎగిరిపోతుంటే, గాలికి ఎదురుగా నిలబడ్డారు. లలితకుమారి చూసి తిట్టబోయింది.

"టీచర్," అన్నాడు భానుతేజ, "గీ గాలి ఏడికెళ్లి వస్తాంది? ఎవలు తోలుతున్నరు?"

లలితకుమారి కోప్పడటం మర్చిపోయింది. దారంతో ఓ కాగితం తోక కడితే గాలి ఎటు పోతోందో ముందు తెలుస్తుంది. ఆ తర్వాత ఎండకి వేడెక్కిన నేల సంగతి, పైకి లేచే గాలి సంగతి. ఎంత ఉంది చెప్పడానికి! చీర కొంగు నడుముకి బిగించి, మెట్ల వైపు తిరిగి కేకేసింది.

"కమలాబాయీ! ఓ కాగితం, దారం పట్టుకురా, జల్దీ!"